ఉప్పు చెప్పే రుతువులు

విశాఖ బీచ్ రోడ్డులో ఆర్కే బీచ్‌కున్న సందడి లాసన్స్ బేకు లేదు. కానీ సముద్ర శాస్త్రవేత్తలు ఎరిగిన పేరు ఇదే. 1952లో అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర పరిశోధనకు ఊపు తెచ్చారు. జంతుశాస్త్ర విభాగంలో పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు సన్నకన్ను వలతో నీటిని వడకట్టి, అందులో పడినవాటిని సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టసాగారు. ఈ బే ప్లవకాల లెక్కపై గణపతి, డి.వి. సుబ్బారావుల పరిశోధన వ్యాసం 1958లో వెలువడింది.

ప్రవాహానికి ఎదురీదలేక దాని వెంటే పోయే జీవాలు ప్లవకాలు. వాటిలోని జంతువుల్లో అధిక సంఖ్య కోపిపోడ్లదే. బియ్యపు గింజకన్నా చిన్నవి. చేపలు, రొయ్యలు, పీతలు కూడా పిల్లదశలో ఈ గుంపులోనే బతుకుతాయి. కవ్వలు, నెత్తళ్లు వంటి చేపల కడుపు నిండేదీ వీటితోనే.

చలిదేశాల సముద్రంలో రుతువును చెప్పేది వేడిమి. మన తీరంలో నీళ్లు ఏడాదంతా వెచ్చనే. ఇక్కడ రుతువును చెప్పేది ఉప్పు.

ఫిబ్రవరి నుంచి మే దాకా తీరప్రవాహం ఉత్తరానికి నడుస్తుంది. ఒడ్డు పొడవునా వీచే నైరుతి గాలికి భూభ్రమణం తోడై పైనీటిని సముద్రం లోపలికి నెడుతుంది. ఖాళీ అయినచోట అడుగునుంచి చల్లని, ఉప్పని, పోషకాలున్న నీళ్లు పైకొస్తాయి. కిలో నీటికి ఉప్పు 34 గ్రాముల దాకా చేరుతుంది. ముందు డయాటమ్‌లనే వృక్షప్లవకాలు విరగకాస్తాయి. వాటిని మేసి కోపిపోడ్లు పెరుగుతాయి. వెచ్చటి నీటిలో వాటికి తరం మారడానికి రెండు మూడు వారాలు చాలు. వాటి వెనకే అద్దంలాంటి ఒళ్లున్న బాణపు పురుగులు వేటకు దిగుతాయి. నా దృష్టిలో విశాఖ వసంతమంటే ఇదే, మామిడిపూత కాదు.

వర్షాకాలంలో కడలి అల్లకల్లోలం. చిన్న పడవలో వెళ్లి నమూనా తేవడం కష్టం.

అక్టోబరుకల్లా ప్రవాహం తిరగబడుతుంది. మహానది, గంగా బ్రహ్మపుత్రల వరదనీటిని మోసుకుంటూ దక్షిణానికి దిగుతుంది. ఉప్పు 25 గ్రాములకు, కొన్నేళ్లు అంతకన్నా దిగువకు పడిపోతుంది. నీటితోపాటు అందులోని జీవాలూ మారతాయి. మంచినీరు తేలికై పైన పరుచుకోవడంతో అడుగు పోషకాలు లేవవు. అయినా ఆ రోజుల్లో ప్లవకాలు రెండోసారి పెరుగుతాయి, వసంతమంత కాకపోయినా. ప్లవకాల్లోనే క్లాడోసెరాలనే చిన్న జీవుల తీరు మరీ చిత్రం: అనుకూలమైనప్పుడు ఆడవే, మగతోడు లేకుండా పిల్లల్ని కంటాయి. కాలం కలిసిరాకపోతే గట్టి పెంకు గుడ్లు పెడతాయి. అవి అడుగున పడి మంచిరోజుల కోసం నిద్రపోతాయి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం చేపలు గుడ్లుపెట్టే కాలానికి రక్షణ. ఆ గుడ్లనుంచి వచ్చే పిల్లలకు తిండి సమయానికి అందుతోందా అన్నది మాత్రం వల వేసి చూస్తేనే తెలుస్తుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహ చిత్రాలతో చేపలు దొరికే చోట్లు చెబుతోంది. ఆ చిత్రాల్లో కనిపించేది వృక్షప్లవకాల రంగు, నీటి వేడి మాత్రమే, కోపిపోడ్లు కనిపించవు. అందుకే లాసన్స్ బేలో నెలనెలా, ఏళ్లతరబడి వల లాగి లెక్కపెట్టే పనికి ప్రభుత్వం డబ్బు కేటాయించాలి.