మోకాలి నొప్పికి డబ్బా కొనే ముందు నీళ్లు చూడండి

కబడ్డీ, క్రికెట్ ఆడే కుర్రాడు మోకాలు పట్టుకుని కూర్చుంటే ఎవరో ఒకరు గ్లూకోసమిన్ పేరు చెప్తారు. ఇంట్లో అమ్మీ కూడా "గుజ్జు అరిగిపోయిందేమో, కొనిపెడదాం" అంటుంది. కనిగిరిలో మాత్రం కొనే ముందు ఒక్క నిమిషం ఆగాలి.

గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ రెండూ కీళ్ల గుజ్జులో సహజంగా ఉండేవే. తింటే గుజ్జు పెరుగుతుందన్నది అమ్మేవాళ్ల మాట. అమెరికాలో 1,583 మంది మోకాలి అరుగుదల రోగులపై చేసిన పెద్ద పరీక్ష 2006లో అచ్చయింది. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్రకన్నా ఇవి చెప్పుకోదగ్గంత ఎక్కువ పని చేయలేదు. నొప్పి బాగా ఉన్న కొద్దిమందిలో మాత్రం రెండూ కలిపి వాడితే కాస్త మేలు కనిపించింది. అదీ పెద్ద వయసు వాళ్ల సంగతి. ఆటలో తగిలే దెబ్బ వేరు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌కి 1994 పుణె జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్లు, ఏళ్ల తరబడి వ్యాయామం తర్వాతే 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. తెగిన లిగమెంట్ ఏ మాత్రతోనూ అతకదు.

ఇక హలాల్ సంగతి. గ్లూకోసమిన్ ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి తీస్తారు. కాండ్రాయిటిన్ ఆవు, పంది, సొరచేపల నుంచి వస్తుంది. కొల్లాజెన్, క్యాప్సూల్ తొడుగు జెలటిన్ కూడా జంతువులవే. డబ్బా మీద గోధుమ రంగు గుర్తు ఉంటే మాంసాహారం అని మాత్రమే తెలుస్తుంది, ఏ జంతువో తెలియదు. మొక్కజొన్న నుంచి చేసిన గ్లూకోసమిన్ కూడా ఉంది, పచ్చ గుర్తుతో వస్తుంది. రొయ్య మీద హనఫీ ఉలమాలోనే రెండు మాటలున్నాయి కాబట్టి ఇమామ్ సాబ్‌ని అడగడం మంచిది. రొయ్యలు పడనివాళ్లు, రక్తం పల్చబడే వార్ఫరిన్ మాత్ర వాడే పెద్దవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. పోటీలకెళ్లే పిల్లలకు ఇంకో భయం ఉంది. సప్లిమెంట్‌లో నిషేధిత మందు కలిసినా శిక్ష ఆటగాడికే.

అసలు మాట నీళ్ల గురించి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లో రాసింది నెల్లూరు జిల్లా నుంచే, అప్పట్లో కనిగిరి ఆ జిల్లాలోనే ఉండేది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాముకు మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. అంతకన్నా ఎక్కువున్న నీళ్లు ఏళ్లపాటు తాగితే మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుంటాయి. మొదట్లో అచ్చం కీళ్లవాతం లాగే ఉంటుంది. గుజ్జు మాత్ర దీన్ని ఆపలేదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ ఫిల్టర్ తగ్గిస్తుంది.

కుర్రాడి పళ్ల మీద పసుపు, గోధుమ మచ్చలుండి, ఇంట్లో దాదీకీ అబ్బాకీ నడుము వంగడం లేదంటే, డబ్బా డబ్బులు పక్కన పెట్టి ముందు బోరు నీళ్లు సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఇవ్వండి. కుర్రాడిని ఎముకల డాక్టర్‌కి చూపించేటప్పుడు ఏ నీళ్లు తాగుతున్నాడో కూడా చెప్పండి.