రాచపుండునకు తొలిసాక్ష్యము

గర్భాశయ ముఖమున పుట్టు రాచపుండు ప్రారబ్ధమని నిట్టూర్చువారు మనలో నేటికిని కలరు. దాని మూలము 1983లోనే బయల్పడినది. జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందమువారు రోగుల కణజాలమును శోధించి, అందు పాపిలోమా వైరసు 16వ రకపు జన్యుపదార్థమును కనుగొనిరి.

వైరసు కానవచ్చినంతనే బెదరనక్కరలేదు. పెక్కుమందిలో అది ఒకటి రెండేండ్లలో తనంత తొలగిపోవును. తొలగక నిలిచినచోటనే ముప్పు. అనుమానము కలిగినచోటినుండి చిన్నముక్క తీసి, మైనమున పొదిగి, పలుచని పొరలుగా కోసి, రంగువేసి సూక్ష్మదర్శినితో చూతురు. పి16 అను ప్రోటీను కణములందు దట్టముగా అలముకొన్నచో వైరసు తన దుష్కార్యము నారంభించినదనుటకు బలమైన సూచన. అప్పటికి పుండు పుట్టియుండకపోవచ్చును, చికిత్సయు సులభము.

2020లో మన దేశమున 77,348 మంది స్త్రీలు ఈ వ్యాధికి బలియైరని అంతర్జాతీయ అంచనా. వారిలో ఎందరీ పరీక్ష పేరైనను వినియుందురు? స్త్రీలు సిగ్గుచే చెప్పుకొనరు; పురుషులు అడుగరు. ప్రతి జిల్లా ఆసుపత్రియందును ఈ పరీక్ష జరుగవలెనని పాలకులను, ముప్పదేండ్లు దాటిన ఇంటి స్త్రీలను పరీక్షకు పంపుడని పాఠకులను మేము కోరుచున్నాము.