మొదటి ముక్క ఖరీదు

ప్లాస్టిక్ మూత ఒకటి తయారు చేయడానికి ఫ్యాక్టరీకి కొన్ని సెకన్లు చాలు. అదే మూత మొట్టమొదటిసారి చేతికి రావాలంటే మాత్రం వారాలు పడుతుంది. కారణం అచ్చు. ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో కరిగిన ప్లాస్టిక్‌ను గట్టి ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి ఎక్కిస్తారు. ముందు ఆ అచ్చుకు డ్రాయింగ్ గీయాలి, ఉక్కు దిమ్మను చెక్కాలి, మిల్లింగ్ కట్టర్ దూరని మూలల్ని విద్యుత్ మెరుపులతో తొలచాలి, ఆపైన పాలిష్ పట్టాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. లక్షల కొద్దీ మూతలు తీసేవాడికి ఆ ఖర్చు ఎక్కడో సర్దుకుంటుంది. డిజైన్ కుదిరిందో లేదో చూసుకోవడానికి ఒక్క మూత కావలసినవాడికి మాత్రం, అది కప్పు టీ కోసం పెళ్లివంటల గాడిపొయ్యి తవ్వడమే. తీరా చూస్తే ఒక రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకు పడిందనుకోండి, మళ్లీ ఉక్కు కొయ్యాల్సిందే.

ఈ నిరీక్షణతో విసిగిపోయిన ఇంజనీర్లలో చక్ హల్ ఒకరు. 1980ల ఆరంభంలో ఆయన కాలిఫోర్నియాలో అతినీలలోహిత దీపాలు తయారు చేసే కంపెనీలో పనిచేసేవారు. బల్లల మీద పూసిన ద్రవపు పూతను ఆ దీపాల వెలుగు క్షణాల్లో గట్టిపరుస్తుంది. ఒక పలచని పొర గట్టిపడినప్పుడు, దాని మీద ఇంకోటి, ఆ పైన మరోటి ఎందుకు పేర్చకూడదు? ఇదే ఆయనకు తట్టిన ఆలోచన. పగలు ఉద్యోగం, సాయంత్రాలూ సెలవు రోజులూ చిన్న ప్రయోగశాలలో ఈ పని.

ఆ ద్రవం పేరు ఫొటోపాలిమర్ రెజిన్. అందులో కలిపిన ఒక పదార్థం అతినీలలోహిత కాంతిని పీల్చుకుని విరిగిపోతుంది. విరిగిన తునకలు పక్కనున్న అణువుల్ని కదిలిస్తాయి, అవి ఒకదానికొకటి గొలుసులు కట్టుకుంటాయి, ద్రవం ఘనమవుతుంది. రెజిన్ కాంతిని పీల్చేసుకుంటుంది కాబట్టి వెలుగు లోతుకు దిగదు, పైపొర మాత్రమే గట్టిపడుతుంది. ఈ పరిమితే హల్‌కు వరమైంది. తొట్టిలో ద్రవం ఉపరితలానికి కాస్త కింద ఒక పళ్లెం ఉంటుంది. కాంతిచుక్క దాని మీద, కావలసిన ఆకారంలోని ఒక పొరను గీస్తుంది. పళ్లెం ఒక పొర మందం దిగుతుంది, మీదికి కొత్త ద్రవం పారుతుంది, మళ్లీ గీత. 1983 మార్చి 9 రాత్రి ఆ తొట్టిలోంచి కళ్లు కడుక్కునే చిన్న కప్పు ఒకటి బయటికొచ్చింది. పడుకోబోతున్న భార్యకు ఫోన్ చేసి, వచ్చి చూడమని ఆయన పిలిచారు.

న్యాయంగా చెప్పాలంటే, ఈ దారిన మొదట నడిచింది హల్ కాదు. జపాన్‌లోని నగోయా పురపాలక పారిశ్రామిక పరిశోధనా సంస్థలో హిదెయో కొదామా 1980లోనే ఇలాంటి పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టారు, 1981లో వ్యాసమూ ప్రచురించారు. దరఖాస్తు గడువు దాటి మురిగిపోయింది. 1984 జులైలో, హల్ కంటే మూడు వారాల ముందే, ముగ్గురు ఫ్రెంచివాళ్లు కూడా దరఖాస్తు చేశారు. దీనితో వ్యాపారం సాగదని వాళ్ల కంపెనీ చేతులు దులుపుకుంది. హల్‌కు పేటెంటు 1986లో వచ్చింది, ఆ ఏడాదే 3డీ సిస్టమ్స్ కంపెనీ పుట్టింది. 1995లో బ్రిటన్‌కు చెందిన ర్యాంక్ ప్రైజ్‌ను కొదామాకూ హల్‌కూ కలిపి ఇచ్చారని తెలిస్తే మనసు కొంత ఊరట పడుతుంది.

1987లో ఆ కంపెనీ నుంచి ఎస్‌ఎల్‌ఏ-1 అనే యంత్రం వచ్చింది. దానితో పాటే, ఏ ఆకారాన్నైనా త్రిభుజాలుగా ముక్కలు చేసి యంత్రానికి అందించే ఎస్‌టీఎల్ ఫైలు కూడా వచ్చింది. ఆ ఫైలు నేటికీ వాడుకలో ఉంది. తొలినాటి రెజిన్లు మాత్రం బాగా ఇబ్బంది పెట్టాయి. గట్టిపడుతూ కుంచించుకుపోయేవి, అంచులు పైకి లేచేవి, కింద పడితే ముక్క పగిలిపోయేది. ఎపాక్సీ రకం రెజిన్లు 1990లలో వచ్చాక గానీ కొలతలు నిలకడగా రాలేదు. అప్పటికీ ఆ ముక్క చూడ్డానికీ, బిగించి చూసుకోవడానికే గానీ, వాడకానికి తట్టుకునేది కాదు.

మరి వాడి చూడటానికి ఇరవై ముక్కలు కావాలంటే? ఇక్కడ సిలికాన్ అచ్చు పనికొస్తుంది. ఈ చేతిపని గొప్పదనాన్ని చాలామంది గుర్తించలేదని నా అభిప్రాయం. యంత్రం ఇచ్చిన ముక్క మీద పొరల మెట్లు కనిపిస్తాయి. ముందు వాటిని ఎమెరీ కాగితంతో రుద్ది నున్నగా చేస్తారు, ఎందుకంటే సిలికాన్ వేలిముద్రను కూడా వదలకుండా పట్టేస్తుంది. ముక్కను పెట్టెలో వేలాడదీస్తారు. రెండు భాగాల సిలికాన్‌ను కలిపి వాక్యూమ్ గదిలో పెడితే, లోపలి గాలి ఉబ్బి అది గిన్నె అంచుదాకా నురగలా పొంగుతుంది, ఉన్నట్టుండి కూలుతుంది. గాలి చాలావరకు పోయిందనడానికి అదే గుర్తు. అప్పుడు పెట్టెలో పోస్తారు. గట్టిపడ్డాక ఆ దిమ్మను సన్నని బ్లేడుతో కావాలనే వంకరటింకరగా కోస్తారు. అలా కోస్తేనే రెండు సగాలూ మళ్లీ మూసినప్పుడు తమ చోట్లలో కూర్చుంటాయి. లోపలి ముక్కను తీసేస్తే మిగిలిన ఖాళీయే అచ్చు. అందులో పాలీయురేథేన్‌ను వాక్యూమ్‌లో పోసి, ఓవెన్‌లో గట్టిపరుస్తారు. సుమారు ఇరవై ముక్కలు తీసేసరికి సిలికాన్ చిరుగుతుంది, నునుపు పోతుంది. ఈలోగా లోపాలు బయటపడితే సరిదిద్దుకోవడానికి ఉక్కు ఇంకా కొయ్యనే లేదు. ఒక చిన్న కంపెనీ బతికి బట్టకట్టడానికి అది చాలు.

2023లో హైదరాబాద్ రాయదుర్గంలో తెరిచిన టీ-వర్క్స్ లాంటి ప్రోటోటైపింగ్ కేంద్రాల అవసరం కూడా ఇక్కడే ఉంది. ఆలోచన ఉండి అచ్చుకు డబ్బు లేనివాళ్లకు, మొదటి ముక్క చేతికి అందాలి.

ఇరవై కూడా అక్కర్లేని చోట, రెజిన్‌ను పొరలుగా పేర్చే ఆ యంత్రమే ఏకంగా ఫ్యాక్టరీ అయింది. చెవి లోపల ఇమిడే వినికిడి సాధనాన్నే చూడండి. ఏ ఇద్దరి చెవి రంధ్రమూ ఒకలా ఉండదు, ఒకే మనిషి కుడి ఎడమలు కూడా కలవవు. చెవి అచ్చు తీసి, స్కాన్ చేసి, ఆ కొలతకు తొడుగును రెజిన్‌లో ముద్రిస్తారు. ఒకే పళ్లెం మీద ఎందరివో తొడుగులు పక్కపక్కనే లేస్తాయి. పళ్ల వరస సరిచేసే పారదర్శక తొడుగులదీ ఇదే పద్ధతి. రోగి పళ్ల నమూనాను ముద్రించి, దాని మీద వేడి ప్లాస్టిక్ రేకును అదుముతారు. పళ్లు కాస్త జరగ్గానే కొత్త నమూనా కావాలి. అక్కడ తయారయ్యే ప్రతి ముక్కా మొదటి ముక్కే, దానికి రెండోది ఉండదు.