బీడు పనికిరాని నేల కాదు



రెవిన్యూ లెక్కల్లో బంజరు అని రాసివున్న నేలను మనం కూడా పనికిరానిదనే అనుకుంటాము. జమ్మలమడుగు పడమట ఎర్రమల కొండల పాదాల్లోను, పులివెందుల చుట్టుపట్ల గుట్టల మీదను ఇటువంటి నేల వున్నది. మన్ను పలుచన, కింద రాయి. ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో పండే జొన్న ఇక్కడ పండదు. రేగు, బలుసు, కలివి, తంగేడు పొదలు, వాటి సందుల్లో కసువు. ఇదే ఇక్కడి పంట. కొండ మీద కురిసిన వాన ఈ కసువులో ఆగి, నెమ్మదిగా భూమిలోకి దిగుతుంది. కసువు పోయిన చోట మన్ను కొట్టుకువచ్చి చెరువు పూడుతుంది.

ఇది అడవీ కాదు, చేనూ కాదు. దీనిని ఇలా నిలిపింది చాలా వరకు పశువే. అసలు మేపకపోతే పొదలు కమ్ముకొని గడ్డికి ఎండ తగలదు. మితిమీరి మేపితే పశువు ముట్టని తంగేడు మిగులుతుంది. ఇంగ్లండులో హీత్ అనే పొదల బీళ్లు కూడా మేత వల్లనే నిలిచాయి. 1800 తరువాత అక్కడి పల్లపు ప్రాంతపు హీత్ నేలల్లో నూటికి 80 వంతులకు పైగా పోయాయి. దున్నినవి కొన్ని, చెట్లు నాటినవి కొన్ని, మేపక వదిలేసినవి కొన్ని.

మన జిల్లాలోనే దీనికి సాక్ష్యం కలివికోడి. 1900 తరువాత ఎవరికీ కనిపించని ఈ పక్షి 1986లో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర దొరికింది. పరిశోధకులు లెక్కించి చూడగా, హెక్టారుకు 300 నుండి 700 పెద్ద పొదలున్న చోటనే అది ఎక్కువగా తిరుగుతున్నట్లు తేలింది. మరీ దట్టమైనా, మరీ బోడిగా వున్నా దానికి పనికిరాదు. మన ఆవుకూ అంతే.

తొలకరి పడగానే పచ్చ కనిపించిందని గొడ్లను తోలడం వల్లనే ఎక్కువ నష్టం. అప్పుడు గడ్డి వేరులో దాచుకున్న బలంతో చిగురిస్తుంది. ఆ చిగురు కొరికితే వేరు బలహీనపడుతుంది. బీడును మూడు నాలుగు భాగాలు చేసి, ఏటా ఒక భాగాన్ని గింజ రాలే దాకా వదలండి. సర్కారు తుమ్మ కాయలు మేపేవారు దంచి పెట్టాలి. లేకుంటే విత్తనం పేడతో బీడంతా మొలుస్తుంది.

ఇది ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. ఒకరు ఆపి, ఇంకొకరు తోలితే ఆపినవారే నష్టపోతారు. సంఘంలో ఈ మాట తొలకరికి ముందే రావాలి. మేకలు, గొర్రెలు కాసేవారిని తప్పక పిలవండి. వారిలో పాలు పోసేవారు తక్కువే కావచ్చు. కాని బీడు మూసిన రోజున మొదట ఇబ్బంది పడేది వారే. వారికి వేరే భాగం చూపకుండా చేసిన తీర్మానం వారం కూడా నిలవదు.