కెల్ప్ సీసాలో ఏముంది?

సుబేదారిలో ఉండే ఒక సహోదరి ఆ మధ్య ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మాత్రల సీసా తెచ్చి చూపించారు. దాని మీద "సీ కెల్ప్" అని ఉంది. "థైరాయిడ్‌కు మంచిదట. సముద్రపు నాచే కదా, ఆకుకూర లాంటిదే కదా?" అని అడిగారు.

ఆకుకూర కాదు. శాస్త్రం లెక్కలో కెల్ప్ మొక్క కూడా కాదు, గోధుమరంగు నాచు. దానికి వేర్లుండవు. వేర్లలా కనిపించేవి రాతిని పట్టుకోవడానికే. పోషకాలను ఒళ్లంతటితోనూ నీటిలోంచి తీసుకుంటుంది. కాలిఫోర్నియా, చిలీ తీరాల్లోని జెయింట్ కెల్ప్ అన్నీ అనుకూలిస్తే రోజుకు అర మీటరు దాకా సాగుతుంది. గాలి నిండిన చిన్న చిన్న తిత్తులు దాన్ని నీటిలో నిటారుగా నిలబెడతాయి. అయితే చల్లని, పోషకాలు నిండిన నీరు కావాలి. అందుకే వెచ్చని మన బంగాళాఖాతంలో కెల్ప్ లేదు. విశాఖపట్నం రాళ్లమీద కనిపించే గోధుమరంగు సర్గాసం దానికి దూరపు చుట్టం మాత్రమే.

యోనా తలకు చుట్టుకున్నది ఇదేనా అని కూడా ఆ సహోదరి అడిగారు. మధ్యధరా సముద్రంలో కెల్ప్ చాలా అరుదు. అది వేరే నాచే అయివుండాలి.

అసలు సంగతి అయోడిన్‌ది. 1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్ కూర్త్వా, తుపాకిమందుకు కావలసిన సురేకారం కోసం నాచు బూడిదతో పని చేస్తుండగా ఊదారంగు ఆవిరి లేచింది. అయోడిన్ లోకానికి తెలిసింది అలాగే. సముద్రపు నీటిలో అతి స్వల్పంగా ఉండే అయోడిన్‌ను కెల్ప్ తనలో వేల రెట్లు కూడబెట్టుకుంటుంది.

పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సుమారు 150 మైక్రోగ్రాములు. కొన్ని రకాల కెల్ప్‌ను ఎండబెడితే ఒక్క గ్రాములోనే వెయ్యి దాటవచ్చు. ఏ రకంలో ఎంత ఉంటుందో ఒక లెక్క ఉండదు. మన దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం 1962లోనే మొదలైంది. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడం 2006లో నిషేధించారు. ఇంట్లో వాడే ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలి. అంటే మన కూరలోనే అది వస్తోంది.

అయోడిన్ సరిపడా అందేచోట థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కారణం, శరీరపు రక్షణ వ్యవస్థే ఆ గ్రంథి మీద దాడి చేయడం. అలాంటివారికి అదనపు అయోడిన్ మేలు చేయకపోగా గ్రంథిని ఇంకా మందగింపజేయవచ్చు. గడ్డలున్న కొందరిలో దానికి విరుద్ధంగా గ్రంథి అదుపు తప్పి, గుండెదడ మొదలవుతుంది. గర్భిణులకు అయోడిన్ కొంచెం ఎక్కువే కావాలి గానీ, ఇలా కొలత తెలియని దారిలో కాదు.

ఆ సహోదరి సీసాను తన డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. ఆపేయమన్నారట. "మరి డబ్బులు?" అని ఆమె బాధ. ఈ నాచు జాతి ఆమెకు కొత్తదేమీ కాదని మాత్రం చెప్పాను. కిందటేడు పళ్ల సెట్టు కొలత కోసం డెంటిస్టు ఆమె నోట్లో పెట్టిన మెత్తని ముద్ద ఉంది చూడండి, ఆల్జినేట్, అది గోధుమరంగు నాచుల నుంచి తీసినదే.