ఇంటర్ తర్వాత సైన్యంలోకి: అపోహలు – వాస్తవాలు

ఆర్మీయా, నేవీయా, ఎయిర్‌ఫోర్సా? ఇంటర్ పూర్తవుతున్న పిల్లలు చాలామంది ముందు ఈ ప్రశ్నే వేసుకుంటారు. కానీ అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఏ హోదాలో చేరాలి, రోజూ ఏ పని చేయాలి. వీటిపై స్పష్టత లేకుండా వినికిడి మాటలు నమ్ముకుంటే విలువైన ఏళ్లు చేజారిపోతాయి.

అపోహ: ముందు అగ్నివీర్‌గా చేరిపోతే, ఆఫీసర్ అవడం తర్వాత దానంతటదే జరుగుతుంది.

వాస్తవం: ఈ రెండు దారులూ మొదట్లోనే వేరు. అగ్నివీర్‌లను చేర్చుకునే అగ్నిపథ్ పథకం 2022లో మొదలైంది, అందులో సర్వీసు 4 ఏళ్లు. ఆ తర్వాత రెగ్యులర్ సర్వీసుకు తీసుకునేది బ్యాచ్‌లో 25 శాతం వరకే. మిగతావారు సేవానిధి పేరిట ఒకేసారి ఇచ్చే సొమ్ము అందుకుని బయటికి వస్తారు, పింఛను ఉండదు. నేరుగా ఆఫీసర్ కావడానికి ప్రధాన దారి యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు నిర్వహించే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష. దాని వయోపరిమితి పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్లు. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే దరఖాస్తు చేయవచ్చు.

అపోహ: ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఒకటే.

వాస్తవం: ఎన్‌డీఏ ద్వారా ఆర్మీకి ఏ గ్రూపువారైనా అర్హులే. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు మాత్రం ఎంపీసీ ఉండాలి. ఇంకో సంగతి: రాత పరీక్షలోని 900 మార్కుల్లో 300 మ్యాథ్స్‌వే. అంటే సీఈసీ, బైపీసీ విద్యార్థులు అర్హత ఉందని ఊరుకోకుండా మ్యాథ్స్ విడిగా నేర్చుకోవాలి.

అపోహ: ఎయిర్‌ఫోర్స్ అంటే పైలట్ ఉద్యోగమే.

వాస్తవం: ఫ్లయింగ్ బ్రాంచితో పాటు గ్రౌండ్ డ్యూటీలో టెక్నికల్, నాన్‌టెక్నికల్ శాఖలున్నాయి. పైలట్ ఎంపికకు పెట్టే కంప్యూటర్ పరీక్షలో ఒకసారి తప్పితే జీవితంలో మళ్లీ అవకాశం ఇవ్వరు. ఏమాత్రం సన్నద్ధత లేకుండా దానికి కూర్చోవద్దు.

అపోహ: కళ్లద్దాలుంటే ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: చూపు ప్రమాణాలు శాఖను బట్టి మారతాయి. ఫ్లయింగ్ బ్రాంచిలో కఠినం, కొన్ని శాఖల్లో పరిమితికి లోబడి అద్దాలకు అనుమతి ఉంది. వైద్య నిబంధనలు చదవకుండా లేజర్ ఆపరేషన్‌కు తొందరపడితే అదే అనర్హతకు దారితీయవచ్చు.

అపోహ: ఎన్‌డీఏ అబ్బాయిలకే.

వాస్తవం: సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశంతో అమ్మాయిలకూ తలుపులు తెరుచుకున్నాయి. 2022లో చేరిన తొలి బ్యాచ్ నుంచి 17 మంది 2025 మేలో శిక్షణ పూర్తిచేసుకున్నారు.

అపోహ: ఒళ్లు గట్టిగా ఉంటే చాలు.

వాస్తవం: ఎన్‌డీఏ రాత పరీక్షతో సమానంగా, దాని తర్వాత జరిగే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఎంపికకూ 900 మార్కులున్నాయి. అయిదు రోజులు సాగే ఆ ఎంపికలో ఒక పరీక్ష ఇలా ఉంటుంది: తెర మీద ఒక్కో పదం 15 సెకన్లపాటు కనిపిస్తుంది. మనసులో మెదిలిన వాక్యం వెంటనే రాయాలి. ఇలా వరసగా 60 పదాలు. బట్టీ పట్టిన జవాబులు అక్కడ నిలబడవు. ఆలోచన తీరు, బాధ్యత, నలుగురితో కలిసి పనిచేసే గుణం చూస్తారు.

కాబట్టి యూనిఫాం రంగు చూసి కాకుండా, పని చూసి ఎంచుకోండి. నెలల తరబడి ఓడలో గడపగలరా? సరిహద్దు పోస్టులో చలికీ ఒంటరితనానికీ తట్టుకోగలరా? యంత్రాలంటే ఇష్టమా? నిజాయితీగా జవాబు చెప్పుకుని, అధికారిక నోటిఫికేషన్ మొదటి నుంచి చివరిదాకా ఇంట్లో పెద్దలతో కలిసి చదవండి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారులకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.