ఎత్తు పెంచితే వచ్చే ఇరుకు

పికప్ ట్రక్కు వెనుక ఇరుసును మోసే కమాను పట్టీల కట్ట వయసులో మోటారు బండి కంటే పెద్దది. 19వ శతాబ్దపు తొలినాళ్లలో లండన్‌లో గుర్రపు బగ్గీలు తయారుచేసిన ఒబదయా ఎలియట్, వంచిన ఉక్కు పట్టీలను పేర్చి బగ్గీ కింద అమర్చే పద్ధతికి పేటెంటు పొందగా, మోటారు బండ్లు పుట్టినప్పుడు దానినే స్వీకరించాయి. 1925లో ఫోర్డ్ సంస్థ మోడల్ టీ కారుకు సరుకు తొట్టి బిగించి అమ్మిన పికప్పులో ఈ పట్టీలు అడ్డంగా ఉండేవి. తరువాతి పికప్పులలో అవి చట్రానికి ఇరువైపులా పొడవునా అమరాయి.

చుట్ట స్ప్రింగు బరువును మాత్రమే మోస్తుంది కనుక ఇరుసును నిలిపి ఉంచడానికి దానికి వేరే కడ్డీలు కావాలి. కమాను పట్టీలు మాత్రం బరువు మోస్తూనే, ఇరుసును అటూ ఇటూ జరగనివ్వక, చక్రాలను తిప్పే బలానికి అది మెలిపడకుండా కూడా ఆపుతాయి. ఇన్ని పనులు ఒకే కట్ట చేయడం వల్ల బండి చౌకగా, గట్టిగా తయారవుతుంది; ఎత్తు మార్చిన నాడు ఆ పనులన్నీ ఒకేసారి గాడి తప్పుతాయి.

అమెరికాలో పికప్పుల ఎత్తు పెంచడం ఒక పెద్ద వ్యాపారం. వెనుక వైపు అందుకు తేలిక మార్గం ఇరుసుకూ పట్టీలకూ నడుమ లోహపు దిమ్మ పెట్టి, పొడవైన యూ బోల్టులతో బిగించడం. మెరుగైన మార్గం ఎక్కువ వంపు గల పట్టీలు వేయడం. ఏ మార్గంలోనైనా పైకి లేచేది చట్రమూ తొట్టీ మాత్రమే. ఇరుసు నడుమ, నేలకు అన్నిటికంటే దగ్గరగా వేలాడే డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటే ఉంటుంది. 30 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తేనే దాని కింద ఒకటిన్నర అంగుళం దక్కుతుంది. ఎత్తు పెంచడం ముఖ్యంగా ఆ పెద్ద టైరుకు చోటు కల్పించడానికే.

చిక్కు బండి గుంతలో పడినప్పుడు బయటపడుతుంది. ఇరుసు పైకి వచ్చి చట్రాన్ని కొట్టకుండా బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ ఉంటుంది. 4 అంగుళాలు లేపిన బండిలో ఇరుసు ఆ రబ్బరుకు 4 అంగుళాలు దూరమవుతుంది కనుక, అది ఆపేలోగా పట్టీలు ఎదురు వంపు తిరుగుతాయి, పెద్ద టైరు తొట్టి అంచును రాస్తుంది. కిందికి జారే ఇరుసుకు అందడానికి పొడవైన షాక్ అబ్జార్బరు వేస్తే, అది ముడుచుకున్నప్పుడు కూడా పాతదానికంటే పొడవే కాబట్టి, రబ్బరును కిందికి దించకపోతే గుద్దంతా ఆ షాక్ అబ్జార్బరు మీదే పడుతుంది. బ్రేకు గొట్టం పొడవు చాలక లాగబడటం మరో ప్రమాదం.

గేరుబాక్సు నుంచి ఇరుసుకు బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టుది వేరే కథ. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి క్లారెన్స్ స్పైసర్ 1903లో పేటెంటు పొందిన రకం క్రాస్ జాయింట్లు దానికి రెండు కొసలా ఉంటాయి. జాయింటు 10 డిగ్రీలు వంగితే ప్రతి చుట్టులో షాఫ్టు వేగం రెండుసార్లు దాదాపు ఒకటిన్నర శాతం హెచ్చి తగ్గుతుంది; రెండు జాయింట్ల కోణాలూ సమానమైతే ఒకదాని హెచ్చుతగ్గులను మరొకటి సరిచేస్తుంది. 50 అంగుళాల షాఫ్టు ఉన్న బండిని 4 అంగుళాలు లేపితే కోణం దాదాపు నాలుగున్నర డిగ్రీలు పెరుగుతుంది. పైగా దిమ్మ ఎత్తుకొద్దీ ఇరుసు మెలిపడే బలం పట్టీలను మరింతగా వంచుతుంది కనుక, ఒక్కసారిగా వేగం పెంచినప్పుడు రెండు కోణాల సమానత్వం పోయి బండి అదురుతుంది. దిమ్మ మీద దిమ్మ పేర్చడం శుద్ధ అవివేకం.

చాలామంది కన్ను పడనిది బ్రేకు కవాటం. టొయోటా పికప్పులు కొన్నిటిలో చట్రం మీది కవాటాన్ని ఒక కడ్డీ ఇరుసుతో కలుపుతుంది. సరుకుతో తొట్టి కుంగితే అది వెనుక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది, ఖాళీగా లేచి ఉంటే తగ్గిస్తుంది. లేపిన బండిలో నిండు సరుకున్నా అది ఖాళీ బండి అనే లెక్కతోనే పనిచేస్తుంది. కడ్డీ కొసను, పెంచిన ఎత్తుకు తగినట్టు జరిపి బిగిస్తే ఈ లోపం పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ వెనుక ఉన్నవీ ఈ కమాను పట్టీలే. అయితే వాటి ఎత్తు పెంచాలనుకునేవారు ఒకటి గమనించాలి: భారతదేశపు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా బండిని మార్చడం నిషిద్ధం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది.